గడపమొక్కు

అన్యాయం జరిగింది ఎవరికి? చిన్నతల్లికి. ఎలా జరిగింది? ఎచ్చెర్ల దాటాక సముద్రపు ఒడ్డునున్న ఆ పల్లెలో గంగమ్మ పండగనాడు ఎవరూ వల ముట్టరు, పడవ దించరు, ఏ పనీ చెయ్యరు. అలాంటి ఒక పండగనాడు ఆమె భర్త అసిరయ్య తాను పనిచేసే ఐసు ఫ్యాక్టరీలోకి వెళ్లాడు. లోపల పైపు పగిలి అమ్మోనియా కమ్మేసింది. అతణ్ణి బయటికి లాగబోయిన ఊరివాళ్లు రాముడు, ఈశ్వర్ కూడా ప్రాణాలు వదిలారు. తాను రమ్మనలేదనీ, తాగి తనంతట తానే వెళ్లాడనీ ఫ్యాక్టరీ యజమాని, చేపల వ్యాపారి నరసింగరావు చెప్పాడు. కులపెద్దలు అంతకుమించి విచారించలేదు. పండగ కట్టు తప్పినందుకే అమ్మవారికి కోపం వచ్చిందని తేల్చి, చచ్చినవాడి తప్పును బతికున్న భార్య మీద వేశారు. ఏటా పండగనాడు ఆమె ఆ రెండిళ్లకూ వెళ్లి గడప మీద నుదురు ఆనించాలి. ఇంట్లోవాళ్లు లెమ్మనేవరకూ లేవకూడదు. దాన్ని గడపమొక్కు అన్నారు. మొదటి మొక్కునాడు నల్లగా నిగనిగలాడిన ఆమె జుట్టు మొక్కుల్లోనే నెరిసిపోయింది.

మూతపడిన ఆ ఫ్యాక్టరీనే భాస్కర్ నరసింగరావు దగ్గర లీజుకు తీసుకున్నాడు. అతడు ఆ పల్లెలో పుట్టినవాడే. సైన్యంలో శీతల యంత్రాలు బాగుచేసి, హవల్దారుగా పింఛనుకు వచ్చాడు. రిటైరైనప్పుడు చేతికందినదంతా కొత్త మోటారుకూ, ఐసు దిమ్మలు కట్టే డబ్బాలకూ పోశాడు. పనివాళ్లకు కబురు పెడితే మగవాళ్లెవరూ ఆ గుమ్మం తొక్కలేదు. వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు చిన్నతల్లి. ఇంకొకరు, చనిపోయిన రాముడి కూతురు ఉష.

"ఈవిడున్నకాడ నాను సెయ్యను మావా," అంది ఉష, మొహం పక్కకు తిప్పుకుని.

"అయితే ఎల్లిపో. నా కాడ గేసు గదిలోకి ఒంటిగా ఎవలూ ఎల్లరు. ఒకలి మాస్కు ఇంకొకలు కట్టాల. చిన్నతల్లొదిన కట్టు బిగిసిందా నేదా సూడాల్సింది నువ్వు. నీది సూడాల్సింది ఆవిడ."

"ఆవిడ సరిగ్గా కట్టకపోతే?"

"సత్తావు. అందుకే సరిగ్గా కడతాది."

చిన్నతల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దీని నోటికి మాస్కు సాలదు బాబూ, గోనెసంచి కట్టాల."

ఉష చురచుర చూసింది గానీ వెళ్లలేదు. ఇంట్లో పొయ్యి వెలగడం లేదు.

సైన్యంలో తనకు నేర్పినట్టే భాస్కర్ వాళ్లకు నేర్పాడు. కళ్లు మూసుకుని మాస్కు కట్టమనేవాడు. ఒకరి ఊపిరి చప్పుడు మరొకరు వినాలనేవాడు. మొదట్లో ఉష ముళ్లను విసురుగా బిగించేది. పోనుపోను ఆ చేతులు నెమ్మదించాయి. ఆడవాళ్లే భయపడకుండా తిరుగుతున్నారని చూసి, సిగ్గుపడి మరికొందరు పనికి వచ్చారు. భాస్కర్‌కు ఒక జట్టు తయారైంది.

యంత్రాన్ని నడిపే ముందు ప్రతి భాగాన్నీ విప్పి చూడటం అతని అలవాటు. కంప్రెసర్ పైనున్న సేఫ్టీ వాల్వు విప్పగానే అతని చేతులు ఆగిపోయాయి. దాని నోటికి ఇనుప బిరడా కొట్టి, పైన వెల్డింగ్ చేసి ఉంది.

"ఏటి మావా అది?" అంది ఉష.

"లోపల వొత్తిడి పెరిగితే ఇది తెరుసుకోవాల. గేసు కప్పు మీదకి పోవాల. మాటిమాటికీ గేసు కారిపోతే మల్లీ కొనాల గదా? ఆ కర్సుకి ఏడ్సి దీని నోరు మూసేసినారు. అందుకే ఆరోజు పైపు లోపలే పగిలింది."

చిన్నతల్లి ఆ ఇనుపముక్కను ముట్టుకోలేదు. "మా ఆయన తాగలేదు బాబూ," అంది. "మర్నాడు లారీలకి ఐసు కావాలని నరసింగరావు బాబే కబురెట్టి, తాళంసెవి సేతిలో పెట్టినాడు. పెద్దల కాళ్లట్టుకుని సెప్పినాను. ఎవలూ ఇన్నేదు."

ఉష అక్కణ్ణుంచి బయటికి వెళ్లి, గోడవార నిలబడింది. తన గడప మీద ఏటేటా వంగిన ఆ తలను ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

మాట పల్లెలో పొక్కింది. మర్నాడే నరసింగరావు కారు దిగాడు.

"హవల్దారు గారూ, పాత ఇనుము మీకెందుకండి? అలా సముద్రంలో పారేద్దురూ. లీజు ఇంకో అయిదేళ్లు పొడిగిస్తాను."

"పారెయ్యకపోతే?"

"పండగలోపు ఖాళీ చేద్దురుగాని. మోటారు పీకితే పునాది పగులుతుంది, అది మాత్రం కదపనివ్వను."

అతడు వెళ్లాక భాస్కర్ జట్టునంతా పెరట్లో కూర్చోబెట్టాడు. తన సొమ్ము పోతే తాను పింఛనుతో బతకగలడు. వీళ్లు బతకలేరు. ఆ సంగతే దాపరికం లేకుండా చెప్పాడు. "ఇది మీ కూడు. నానొక్కణ్ణీ తేల్సలేను."

చిన్నతల్లి నేల చూపులు చూస్తూ, "నాకు మొక్కడం అలవాటైపోనాది. పిల్లల పని పోగొట్టకు బాబూ," అంది.

"నువ్వూరుకో పెద్దమ్మా," అంది ఉష. ఆమెను ఒక వరుస పెట్టి పిలవడం అదే మొదటిసారి. "మా నాన్నని సంపినోడి ఐసు నాను మొయ్యను."

మిగిలినవాళ్లెవరూ అడ్డు చెప్పలేదు. భాస్కర్ వాల్వును ఫొటోలు తీసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. అది ఎప్పటికి కదులుతుందో ఎవరికీ తెలియదు. పండగకు ముందురోజు నరసింగరావు మనుషులు వచ్చి ఫ్యాక్టరీకి తాళం వేశారు. కొత్త మోటారు లోపలే ఉండిపోయింది.

పండగనాడు పెద్దలందరూ గంగమ్మ గుడి ముందు కూర్చున్నారు. చందా ఇచ్చిన గౌరవంతో నరసింగరావు కుర్చీలో ఉన్నాడు. చిన్నతల్లి తడిబట్టలతో మొక్కుకు బయలుదేరుతుంటే ఉష ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది. భాస్కర్ వాల్వును తెచ్చి పెద్దల మధ్య పెట్టి, దాని సంగతి చెప్పాడు.

"అది ఎప్పటిదో, ఎవడు కొట్టాడో," అన్నాడు నరసింగరావు. "తాగినవాడు లోపలికి దూరితే నాదా పాపం?"

అప్పుడు చిన్నతల్లి కులపెద్ద సూరయ్య వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మావా, ఆరోజు నువ్వొచ్చి సూసినప్పుడు ఫేక్టరీ తలుపు ఇరగ్గొట్టి ఉన్నాదా?"

సూరయ్య వంగి వాల్వును చేతిలోకి తీసుకుని, మూసిన దాని నోటిని వేలితో తడిమాడు.

"నేదు," అన్నాడు. "తాళంసెవి తలుపుకే ఉన్నాది. నానే తీసి బాబు సేతిలో ఎట్టినాను." కుర్చీ వైపు చూశాడు. "నువ్వియ్యకపోతే అది తలుపుకెలా వొచ్చినాది బాబూ?"

నరసింగరావు లేచి వెళ్లబోయాడు. జనం దారి ఇవ్వలేదు.

"అమ్మోరి కోపం అనుకున్నాం," అన్నాడు సూరయ్య. "కళ్లెదురుగా ఉన్న తాళంసెవిని అడగనేదు. ఆవిడ మొక్కిన మొక్కులన్నీ తిరిగి ఆవిడ గడపకి పడాల. ముందు నువ్వు. నువ్వు మొక్కకపోతే రేపట్నుంచి ఈ రేవులో ఒక్క సేప నీ లారీ ఎక్కదు. తరవాత మేం."

చిన్నతల్లి తన తాటాకు ఇంటి గుమ్మంలో నిలబడింది. ఇంతకాలం ఆ గడపకు ఎవరూ వంగలేదు. నరసింగరావు తెల్లచొక్కా మట్టిని తాకింది. ఆమె లెమ్మనలేదు. ఎండ ముదిరింది. అతని మెడ మీద చెమట కారుతుంటే చూస్తూ నిలబడింది. అతడు పక్కకు ఒరిగాకే "లే" అంది. అతడు లేచాడు. మళ్లీ వంగమంది. తాను ఎన్నేళ్లు వంగిందో అన్నిసార్లూ అతని చేత వంగించింది. తరవాత పెద్దలు ఒక్కొక్కరే వచ్చారు. ఈశ్వర్ ఇంటివాళ్లు వచ్చారు. ఉష తల్లిని నడిపించుకుని వచ్చి, తానూ పక్కనే వంగింది.

తాళం పడిన ఫ్యాక్టరీ వైపు భాస్కర్ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. జట్టుతో పాటు నిటారుగా నిలబడి, చివరిదాకా చూశాడు.

ఆఖరున సూరయ్య వంగాడు. ముసలి మోకాళ్లు పట్టు తప్పినా చిన్నతల్లి చెయ్యి అందించలేదు. తీర్పు చెప్పిన ఆ నోరు గడపకు ఆని, మట్టి అంటుకునేదాకా ఆగింది.

"లెగు మావా," అంది. "తీరిపోనాది."