వలెను, వచ్చును

నెల మొదటి రోజున ఆ చెప్పుల కార్ఖానాలో పని మొదలయ్యే ముందు ఒక కాగితం చేతులు మారుతుంది. మేస్త్రీ పెన్ను మూత తీసి ఇస్తాడు. జిగురు బల్ల దగ్గర కూర్చునే పదకొండు మంది ఆడవాళ్లూ వరసగా సంతకాలు పెడతారు. పైన ఏం రాసుందని ఎవరూ అడగరు. మనలో మాత్రం ఎంతమందిమి అలా సంతకాలు పెట్టలేదు గనుక?

ఆ పదకొండు మందిలో ఒకే ఇంటి కోడళ్లు ఇద్దరున్నారు. పెద్దకోడలు ఎనిమిదేళ్లుగా ఆ బల్ల దగ్గరే ఉంది. సోలుకు జిగురు రాసి, అరచేత్తో అదిమి, పక్కకు జరపడం ఆమెకు కళ్లు మూసుకున్నా వచ్చు. చిన్నకోడల్ని నిరుడు తనే వెంటబెట్టుకొచ్చి పనిలో చేర్పించింది. గదికి రెండు కిటికీలు. దుమ్ము పడితే జిగురు పాడవుతుందని రెండూ మూసే ఉంచుతారు. సాయంత్రానికి చిన్నకోడలికి తల దిమ్మెక్కేది. "కొత్తలో అంతేనే, అలవాటైపోతుంది" అని పెద్దకోడలే ధైర్యం చెప్పేది.

అలవాటు కాలేదు. మొదట చిన్నకోడలి కాలివేళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత చేతిలో బ్రష్షు నిలవడం మానేసింది. ఒక మధ్యాహ్నం లేచి నిలబడబోయి, కాళ్లు తేలిపోయి, బల్ల అంచు అందుకునే లోపే కూలబడింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమె అరికాలికి సూది మొన ఆనించి "తెలుస్తోందా?" అంది. తెలియలేదు.

"ఏం పని చేస్తావమ్మా?" అని అడిగి, జిగురు మాట వినగానే డాక్టరమ్మ మొహం చిట్లించింది. "ఆ ఆవిరే నరాల్ని తింటోంది. దాన్ని బయటికి లాగే ఏర్పాటు ఉండాలే! లేదా?"

పక్కనే నిలబడ్డ పెద్దకోడలు చిన్నకోడలి కాళ్ల వైపు చూసింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ బల్ల ముందు కూర్చోబెట్టింది తనే కదా.

మర్నాడు మేస్త్రీని నిలదీసింది. అతను డ్రాయరులోంచి ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకం తీసి, వేలు పెట్టి చదివాడు. "'పనిగదులయందు పంకాలను ఏర్పాటు చేయవచ్చును.' విన్నావుగా? చేయవచ్చును అంది. అంటే మన ఇష్టం. అయినా 'జాగ్రత్తలన్నీ మాకు వివరించారు' అని నెలనెలా సంతకాలు పెట్టేది మీరే కదమ్మా!"

ఆ కాగితంలో ఉన్నదేమిటో ఎనిమిదేళ్లకు ఆమెకు తెలిసింది.

సెలవు పెట్టి కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లింది. మొదటి కిటికీ రెండో కిటికీకి పంపింది. రెండో కిటికీ మేడమీదికి పంపింది. మేడమీదివాళ్లు మళ్లీ మొదటి కిటికీకే పంపారు. గానుగెద్దులా ఆమె తిరగడం చూసి, వరండా చివర కూర్చున్న నెరిసిన జుట్టు టైపిస్టమ్మ పిలిచింది. సంగతి విని, బీరువాలోంచి పుస్తకం తీసిచ్చింది.

పెద్దకోడలు ఏడో తరగతి దాకా చదివింది. అక్షరాలన్నీ తెలిసినవే. వాక్యం మాత్రం పేజీ మొదట బయల్దేరి పేజీ చివర గానీ ఆగలేదు.

"ఇది తెలుగేనా అమ్మా?"

టైపిస్టమ్మ నవ్వింది. "దీన్ని మూడుసార్లు టైపు చేశాను. రెండుసార్ల దాకా నాకూ బోధపడలేదు. ఒక కిటుకు చెప్తా విను. తల దగ్గర మొదలెట్టకు, వాక్యం తోక పట్టుకో. తోకలో 'వలెను' ఉంటే చేసి తీరాలి. 'వచ్చును' ఉంటే చేస్తే చెయ్యొచ్చు, మానితే మానొచ్చు. తర్వాత ఎవరు చెయ్యాలో వెతుక్కో."

పెద్దకోడలు తోకలు పట్టుకుంటూ పోయింది. మేస్త్రీ చదివిన వాక్యం దొరికింది. అది ఉక్కపోతకు వేసుకునే పంకాల మాట. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: "హానికరమగు ఆవిరులు వెలువడు ప్రతి గదియందు వానిని వెలుపలికి పంపు యంత్రమును యజమాని నెలకొల్పవలెను." ఆ తర్వాతిది: "అట్టి ఏర్పాటు లేనిచోట కార్మికుడు పనిని నిరాకరింపవచ్చును."

"ఇక్కడా వచ్చును అనే ఉందే. అంటే..."

"అంటే మీ ఇష్టం. యజమానిది కాదు."

టైపిస్టమ్మ సాయంతో ఫిర్యాదు రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని, పుస్తకం రెండు రోజులకు అడిగి తెచ్చుకుంది.

భోజనాల వేళ ఆ రెండు వాక్యాలూ తోటివాళ్లకు చదివి చెప్పింది. "నోరెత్తితే ఉన్న పని ఊడుతుందేమో" అని ఒకామె జంకింది. "కాళ్లు పడిపోయాక పనుండి ఏం చేస్తాం పిన్నీ?" అంది పెద్దకోడలు.

మర్నాడు పదిమందీ వచ్చారు, బ్రష్షు మాత్రం ఎవరూ ముట్టలేదు. మేస్త్రీ చిందులు తొక్కాడు. యజమాని మేడ దిగి వచ్చాడు. పెద్దకోడలు లేచి నిలబడింది.  పుస్తకం అందించి, "ఈ రెండు ముక్కలూ పైకి చదవండి సార్" అంది.

ఆయన చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. "ఇది నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

"మాకూ ఎవరూ చెప్పలేదు సార్. కానీ పడిపోయింది మా పిల్ల."

అందరి కళ్లూ మేస్త్రీ వైపు తిరిగాయి. 

మూడో రోజున కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి, గది చూసి, గడువు పెట్టి వెళ్లాడు. గోడకు కంత కొట్టి, ఆవిరి లాగే గొట్టాలూ ఫ్యాన్లూ బిగించడానికి మూడు వారాలు పట్టింది. అందాకా జిగురు పని బయట రేకుల పందిట్లో సాగింది. ఆ రెండు నియమాలనూ టైపిస్టమ్మ మామూలు మాటల్లో, పెద్ద అక్షరాలతో టైపు చేసిచ్చింది. వాటిని బల్లకెదురుగా అంటించారు.

చిన్నకోడలు ఇప్పుడు డబ్బాలు సర్దే పనిలో ఉంది. చేతికి పట్టు వచ్చింది. ఎడమకాలి రెండు వేళ్లలో స్పర్శ మాత్రం ఇంకా రాలేదు, వస్తుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు.

ఒకరోజు ఆ పాదానికి నూనె రాస్తూ పెద్దకోడలు "అలవాటైపోతుందన్నానే నీకు" అంటూ కళ్లు తుడుచుకుంది.

"నీకు మాత్రం ఏం తెలుసక్కా?"

ఓదార్పుగా అన్న ఆ మాటే ఆమెను ఎక్కువ బాధించింది. తెలియనిది ఆమె ఒక్కతికే కాదు. అర్థం కాని భాషలో రాసినవారు, తమకు అనుకూలమైన ముక్క మాత్రమే చదివినవారు, చదవకుండా సంతకం పెట్టినవారు, అందరూ ఆ రెండు వేళ్లకు బాకీ పడ్డారు. పనివాళ్లను కాపాడే నియమం అచ్చయిన రోజున పుట్టదు, పనిచేసే మనిషి దాన్ని చదివి, అర్థం చేసుకుని, "ఇది మా గదిలో ఎక్కడుంది?" అని అడిగిన రోజున పుడుతుంది.