ఎత్తిన చెయ్యి

జగ్గారావు పుట్టి బుద్ధెరిగి గుర్రం ఎక్కలేదు. రణస్థలం పక్క పల్లెలో నాగలి పట్టాడు. మల్కాపురం వచ్చి పోర్టులో ఖలాసీగా బరువులు మోశాడు. పశువంటే అతనికి తెలిసింది ఎద్దొకటే. ఎద్దుకి ముక్కుతాడు ఉంటుంది, లాగితే వింటుంది. వినకపోతే కర్ర ఉంటుంది.

పెరట్లో ఉన్న ఆడగుర్రం చుక్కి అతనిది కాదు. బావమరిది నాగబాబుది. బీచిలో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాడు. తనుండే చోట జాగా లేక అక్క ఇంట్లో కట్టేసేవాడు. ఆరేళ్లపాటు దాన్ని సాకింది అక్క కాశమ్మే. ఉలవలు ఉడకబెట్టిందీ, ఒళ్లు తోమిందీ ఆవిడే. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచీ నాగబాబే పొద్దున్నే వచ్చి మేత వేసి పోతున్నాడు.

ఇప్పుడతను బీచి పని మానేశాడు. మధురవాడలో స్వారీ నేర్పే ఒకాయన చుక్కిని అడుగుతున్నాడు. ఇవ్వొద్దని జగ్గారావు పట్టుబట్టాడు. కాశమ్మ చెయ్యి ఎరిగిన ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే మిగిలింది. ఆ మాట పైకి అనలేదు. "ఉండనీ" అన్నాడంతే.

"ఉండాలంటే నిన్ను దగ్గిరికి రానియ్యాలి కదా బావా," అన్నాడు నాగబాబు. "ఆదివారం పొద్దున్న వత్తాను. రానిచ్చిందా, నీకే. నేదంటే తోలుకెల్లిపోతాను."

ఆదివారం రానే వచ్చింది. నాగబాబు జీను కట్టి, కళ్లెం వేసి, పక్కకి తప్పుకున్నాడు.

జగ్గారావు వెనకనుంచి వచ్చి చుక్కిని అదిలించాడు. పొలంలో మనిషి చోటు పశువు వెనకే. చుక్కి కాలు విసిరింది. నీళ్ల బకెట్ పగిలి గోడ దాకా దొర్లింది.

"ఎనకాలనుంచి రాకు బావా. అదేటి ఎద్దా? మోకాలుసిప్ప ఎగిరిపోద్ది."

గోడవతల పక్కింటి పోతమ్మ గిన్నెలు తోముకుంటోంది. "ఎగిరితే ఎగరనీ. పింఛనీ ఒస్తంది కదేటి, కూకోని తింటాడు," అంది.

జగ్గారావు ముందుకొచ్చి కళ్లెం పట్టి లాగాడు. చుక్కి వెనక్కి తగ్గింది. ఇంకా లాగాడు. ఇంకా తగ్గింది.

"ముక్కుతాడు అనుకుంటన్నావేటి? వదులియ్యి. నువ్వు లాగితే అదీ లాగుద్ది."

చెమట కళ్లలోకి కారుతోంది. తలగుడ్డ సర్దుకుందామని జగ్గారావు కుడిచెయ్యి ఎత్తాడు. చుక్కి చప్పున మొహం పక్కకి తిప్పేసింది. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. దెబ్బ పడడానికి కాచుకున్నట్టు కదలకుండా నిలబడింది.

"ఏట్రా ఇది? నానెప్పుడూ దీన్ని కొట్నేదు. ఒట్టు."

"దీన్ని కొట్నేదు బావా," అన్నాడు నాగబాబు.

'దీన్ని' అన్న మాట దగ్గర కాస్త ఆగాడు. తర్వాత వంగి, బిగుతుగానే ఉన్న జీను పట్టీ మళ్లీ బిగించాడు.

జగ్గారావు ఎత్తిన చెయ్యి దించాడు. కొట్టిందంతా ఈ పెరట్లోనే. కూరలో ఉప్పు ఎక్కువైందని, తాళంచెవి దొరకలేదని, ఒక్కోసారి ఏమీ లేకపోయినా. ముందుగదిలో అయితే వీధికి వినిపిస్తుందని ఇక్కడికి లాక్కొచ్చేవాడు. ఇక్కడ చూసేవాళ్లు లేరనుకున్నాడు. రాటకి కట్టేసిన జంతువుని లెక్కలో వేసుకోలేదు. కాశమ్మా సరిగ్గా ఇలాగే మొహం తిప్పేది, గడ్డం భుజానికి ఆనించి.

నాగబాబుని అడిగాడు: "మీ అక్క ఏటి సేసీది దీంతోటి?"

"ఏటీ సేసీది కాదు. దానివైపు ఈపు ఎట్టి కూకునీది."

జగ్గారావు బట్టలుతికే బండమీద చుక్కికి వీపు పెట్టి కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎండ గోడ దిగి కాళ్లమీదికి వచ్చింది. నాగబాబు రెండు బీడీలు కాల్చాడు. అప్పుడు మెడమీద వెచ్చటి ఊపిరి తగిలింది. జగ్గారావు తిరిగి చూడలేదు. చూసే మొహం లేదు.

"మెల్లిగా లెగు బావా. దాని బుజం పక్కన నడు. ముందూ కాదు, ఎనకా కాదు."

అలా ఎవరి పక్కనా నడిచి ఎరగడు జగ్గారావు. పూర్ణా మార్కెట్‌కి వెళ్లినా పదడుగులు ముందుండేవాడు. సంచులతో కాశమ్మ వెనక వచ్చేది.

పెరడు మూడుసార్లు చుట్టాక నాగబాబు ఎడమవైపునుంచి ఎక్కించాడు. చుక్కి కదలకుండా ఎక్కనిచ్చింది. సందులోకి తనే దారితీసింది. వంచిన మెడ ఎండలో మెరుస్తోంది. జగ్గారావు కళ్లెం వదులుగా పట్టుకున్నాడు. సందు మలుపు దాకా అతనికి ఏ ఆలోచనా లేదు.

మలుపులో లారీ హారన్ కొట్టింది. చుక్కి బెదిరి గోడకి జరిగింది. జగ్గారావు మోకాలు రాసుకుపోయింది. కళ్లెం కొస పట్టుకుని అతని చెయ్యి పైకి లేచింది.

చుక్కి మొహం తిప్పింది.

చెయ్యి దానిమీద పడలేదు. కానీ లేచింది. లెమ్మని దానికి ఎవరూ చెప్పలేదు.

జగ్గారావు దిగి, దాని పక్కనే నడిచి ఇంటికొచ్చాడు. కళ్లెం నాగబాబు చేతిలో పెట్టాడు.

"తోలుకెల్లిపో."

"అదేటి? రానిచ్చింది కదా."

"రానిచ్చింది. సందులో మల్లీ సెయ్యెత్తాను."

"కొట్టావా?"

"ఈ పాలికి నేదు."

నాగబాబు తాడు, మేత సంచీ తెచ్చుకున్నాడు. జగ్గారావు అడిగాడు: "మీ అక్క నీకు సెప్పిందేట్రా?"

"ఎప్పుడూ సెప్పనేదు. బీచిలో ఎవుడు సెయ్యెత్తినా ఇది అచ్చం అక్కలాగే మొకం తిప్పీసీది. అప్పుడు తెలిసింది."

"తెలిసి ఏటి సేసావు?"

"ఏటీ సెయ్యనేదు," అన్నాడు నాగబాబు, గుర్రం జూలులో వేళ్లు పెట్టి చూస్తూ.

డెక్కల చప్పుడు సందు దాటి ఆగిపోయింది. జగ్గారావు ఖాళీ రాట పక్కన నిలబడ్డాడు.

"పంపించీసావేటి జగ్గారావూ?" పోతమ్మ గొంతు. "అంత కావాలన్నావు?"

"నా దగ్గిర ఉండకూడదు. నాను కొడతాను."

అవతల గిన్నె తోముతున్న చప్పుడు ఆగింది.

"మాకు తెల్దేటి?" అంది పోతమ్మ. "రెండిళ్లకీ గోడ ఒకటే కదా."

తర్వాత ఆమె ఆ గిన్నె బోర్లించింది. చిన్న గిన్నె. ఆ చప్పుడు కూడా ఇటు స్పష్టంగా వినిపించింది.