మొదటి లక్ష్యం

నేను పగలంతా తలుపేసుకుని కంప్యూటర్లో ఎవరెవరో మగాళ్ళతో ఇకిలిస్తూ మాట్లాడుతున్నానని ఎదురింటావిడ మా ఆడపడుచు చెవిన వేసిందట. ఆడపడుచు దానికి కాస్త పోపు పెట్టి వాళ్ళన్నయ్యకి వడ్డించింది. ఆయన కంచంలోంచి తలెత్తకుండా అడిగారు, "ఎవరే వాళ్ళు?"

నవ్వొచ్చింది. ఎవరని చెప్పను? ఒక్కరి మొహమూ నేను చూడలేదు. ఒకాయన పడవలు బాగుచేస్తాడట, ఒకావిడ లెక్కల టీచరు. అందరికీ ఉన్న పిచ్చి ఒకటే. ఎప్పుడో ఒక కంపెనీ చేసి, అమ్మి, గిట్టుబాటు కాలేదని మూసేసిన డెస్క్‌టాప్‌ని, అంటే కంప్యూటర్ తెర మీద మెనూలూ బొమ్మలూ నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, మొదట్నించీ మళ్ళీ కట్టడం. ఎవరైనా ఊరికే వాడుకునేలా, విప్పి బాగుచేసుకునేలా, ఇంకే కంపెనీ దానికి తాళం వెయ్యలేనట్టు. అసలుదాని లోపలి రాత, అదే కోడ్, చూసినవాళ్ళు మాత్రం ఇందులో వేలు పెట్టకూడదు, అది దొంగసొత్తవుతుంది. బయటనుంచి వాడి, అదెలా నడిచేదో గుర్తున్నవాళ్ళే చెప్పాలి. అత్తగారు పాళ్ళు చెప్పని కూరని నాలిక మీది రుచి పట్టుకుని వండటమే కదా. ఆ విద్య నాకేం కొత్త?

పెళ్ళికి ముందు అచ్చాఫీసులో పేజీలు కట్టేదాన్ని. కిటికీ పక్కన బల్ల, దాని మీద ఇదే డెస్క్‌టాప్ నడిచే బూడిదరంగు తెర. మెనూని మౌసుతో గిల్లి లాగితే ఊడొచ్చి, పెట్టినచోట బుద్ధిగా కూర్చునేది. సాయంత్రం వదిలేసి వెళితే పొద్దున్నకీ అక్కడే ఉండేది. "అమ్మాయి బల్ల జోలికెళ్ళకండ్రా, పేజీలు తారుమారవుతాయి" అని ఫోర్‌మన్ అందర్నీ కసిరేవాడు. సిరా వాసనలో, ఇంకొకరు కలిపి తెచ్చిచ్చిన టీ తాగుతూ, నా బల్ల ముందు నేను. ఎంత గీరగా ఉండేదాన్నో! ఈ ఇంట్లో నా కళ్ళజోడు కూడా పెట్టినచోట ఉండదు. "ఇంట్లో ఉండేదానివేగా, తీరిగ్గా వెతుక్కో" అంటారు అత్తగారు.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు ఆ మెనూలని కదలకుండా పైన బిగించేద్దామంటున్నారు, లోకమంతా అలాగే ఉంది కదా అని. ప్రాజెక్టు లక్ష్యాలు తేల్చే సమావేశం ఆదివారం. మొదటిది నన్ను రాయమన్నారు. "వాడే మనిషి ఏది ఎక్కడ పెడితే అది అక్కడే ఉండాలి" అని రాశాను. దాని తరఫున వాదించాల్సిందీ నేనే, లేకపోతే కొట్టేస్తారు. సరిగ్గా అదే పూట ఈయన ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచేశారు. నాతో ఒక్క మాట అనలేదు. మేకు కొట్టేముందు గోడనెవరైనా అడుగుతారా?

ఆదివారం వంటంతా చేసి, మూతలు పెట్టి, కంచాలూ గరిటెలూ బల్ల మీద సర్ది, హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్నాను. అవతల పడవలాయన మాట్లాడుతున్నాడు. తరవాతి వంతు నాది. ఈయన గుమ్మంలోకొచ్చారు.

"వడ్డించవా?"

"అన్నీ బల్ల మీదున్నాయండీ. వడ్డించండి."

ఈయన మొహం మాడిపోయింది. వెనకాలే వాళ్ళ ఆఫీసరు తొంగిచూసి, "మేడమ్‌గారికి ఏదో పెద్ద ఉద్యోగంలా ఉందే!" అన్నాడు.

"ఉద్యోగమా నా బొందా! పైసా రాదు. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి" అన్నారీయన. అందరూ నవ్వారు. సోఫాలోంచి అత్తగారూ నవ్వారు. ఆ నవ్వు చూసి ఈయనకి ఇంకాస్త ఊపొచ్చింది.

"ఎప్పుడో చచ్చిపోయిన కంప్యూటరండీ! దానికి మళ్ళీ ప్రాణం పోస్తారట. అసలు ఏముందే అందులో, అంతలా పట్టుకు వేలాడుతున్నావ్?"

"నేనున్నాను" అన్నాను.

అవతల నా వంతొచ్చింది, తెర వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాను.