నాలుగు కర్రల మధ్య తోట

పానకాలు అంత మంచివాడు ఊళ్లో లేడని జయకుమారి గట్టిగా నమ్మింది. వ్యవసాయ సహాయకురాలిగా ఆమె ఉద్యోగంలో చేరిన రోజున, కూలోళ్ల ఇంటి పిల్ల మనకు పంటల సంగతి చెప్పొచ్చిందా అని పెద్ద రైతులు మూతి విరిచారు. పానకాలు ఒక్కడే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆ ఒక్క కుర్చీకే ఆమె అతన్ని బాబాయ్‌ని చేసుకుంది. మిరప నారు పెంచి చుట్టుపక్కల ఊళ్లకు అమ్ముకునే మనిషికి, అందర్నీ మంచి చేసుకోవడం వ్యాపారంలో భాగమని పాపం ఆమెకు తట్టలేదు.

ఆ ఏడు నల్ల తామరపురుగు మిరపను పీల్చి పిప్పి చేసింది. పూత రాలిపోయి, ఆకు ముడుచుకుపోయి, ఊరంతా పంటల బీమా మీదే ఆశ పెట్టుకుంది. బీమా రావాలంటే ఊరి సగటు దిగుబడి సర్కారు పెట్టిన హద్దు కన్నా తక్కువని తేలాలి. అందుకోసం కంప్యూటర్ ఎంచిన నాలుగు చేలల్లో ఒక్కో చదరం కొలిచి, మూలలకు కర్రలు పాతి, తాడు కట్టి, అందులో కాసిన కాయను మాత్రమే తూస్తారు. చేనంతటికీ ఏం చేస్తే ఆ చదరానికీ అదే చెయ్యాలి. మూడు చేలల్లో తూకం అయిపోయింది. గంపెడు కాయ కూడా రాలేదు. నాలుగోది పానకాలు చేను. అక్కడా అలాగే వస్తే ఊరు గట్టెక్కుతుంది.

కోతకు ముందు జయకుమారికి బాపట్లలో నెలన్నర శిక్షణ పడింది. పంటల లెక్కలు సేకరించే వాళ్లను దేశమంతటా ఒకే తీరున తయారు చేస్తున్నారు. "ఢిల్లీలో చెప్పే అంకె మీరు పాతిన కర్రల దగ్గరే పుడుతుంది" అని అక్కడి మాస్టారు అంటే ఆమెకు ఒళ్లు పులకరించింది. తన చదరం గురించి బెంగ కూడా లేదు. బయల్దేరేటప్పుడు పానకాలు ఆమె చేతిలో చెయ్యి వేసి, "నేనున్నాగా అమ్మాయ్, దాని జోలికి ఎవర్నీ పోనియ్యను" అన్నాడు మరి.

తిరిగొచ్చింది సరిగ్గా కోత రోజునే. గట్టు మీద రైతులంతా చేరారు. బీమా కంపెనీ తరఫున ఉదయ్ కుమార్ వచ్చాడు. అందరికన్నా ముందు లాల్‌బీ నిలబడి ఉంది. మొగుడు పోయాక కౌలుకు సేద్యం చేస్తూ, ఈసారి ఉన్నదంతా మిరపలోనే పోసిన మనిషి.

జయకుమారి చేలోకి దిగి, తాడు దగ్గర ఆగిపోయింది. తాడుకు ఇవతల ఎండి ముడుచుకున్న మొక్కలు. లోపల మాత్రం నిగనిగలాడే ఆకు, కొమ్మలు వంగేంత కాయ. నేల ఇంకా తడిగా ఉంది.

"బాబాయ్, ఇదేంటి?"

పానకాలు ఆమె వైపు చూడనే లేదు. "నా నారు అట్టాంటిదండీ. పురుగొచ్చినా నిలబడింది. ఫొటో తియ్యండి" అన్నాడు ఉదయ్ కుమార్‌తో.

అప్పుడు అర్థమైంది ఆమెకు. వచ్చే ఏడు నారు అమ్ముకోవడానికి సర్కారు తూకాన్ని మించిన ప్రచారం ఏముంటుంది! ఆమె ఊళ్లో లేనన్నాళ్లూ ఆ ఒక్క చదరానికే నీళ్లు పోసి, మందులు కొట్టి, పసిబిడ్డను సాకినట్టు సాకాడు. ఊరు మునిగితే మునగనీ, తన నారు అమ్ముడుపోతే చాలు.

చదరంలో కాయ కోసి నింపిన గోతం కాటా మీదికెక్కింది.

"దీంతో ఊరి సగటు హద్దు దాటేసిందండీ. బీమా రాదు" అన్నాడు ఉదయ్ కుమార్.

"ఈ తూకం చెల్లదండీ. ఈ చదరానికి మాత్రమే నీళ్లు పెట్టారు. చెల్లదని రాస్తాను" అంది జయకుమారి.

"రాయండి. కానీ ఊరి రైతు ఒకరు సాక్షిగా ట్యాబ్‌లో వేలిముద్ర వెయ్యాలి. లేదంటే ఈ తూకమే ఎక్కించాలి."

జయకుమారి పానకాలు వైపు తిరిగింది. "బాబాయ్, నిజం చెప్పు. వీళ్లంతా నీవాళ్లే కదా!"

పానకాలు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాకేం తెల్సండీ? నీళ్లు పెట్టమంది ఆ అమ్మాయే. పైనించి ఆఫీసర్లొస్తారు, చదరం కళకళలాడాలని చెప్పి పోయింది. చెప్పినట్టు చేశా."

జయకుమారికి కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఈ మనిషినా తను ఇన్నాళ్లూ నోరారా బాబాయ్ అని పిలిచింది! కళ్లు తుడుచుకుని, ట్యాబ్ పట్టుకుని లాల్‌బీ దగ్గరికి నడిచింది.

"లాల్‌బీ అక్కా, లోపలికొచ్చి చూడు, తడి నీకే తెలుస్తుంది. ఇది కొట్టేస్తే మిగతా మూడు చేలతోనే సగటు కడతారు, మీకందరికీ బీమా వస్తుంది. నా ఉద్యోగం పోతే పోనీ. ఒక్క ముద్ర వెయ్యక్కా."

లాల్‌బీ పానకాలు వంక చూసింది, ఆమె వంక చూసింది. రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"మమ్మల్ని ఎంతకమ్మావో అమ్మావు. ఇంకా నా ముద్ర కూడా కావాల్నా నీకు? దాంతో ఇంకేం రాసుకుంటావో ఏమో, నువ్వు చూపించిన చోట ఛస్తే వెయ్యను."

ఆ మాటతో మిగతావాళ్లూ వెనక్కి తగ్గారు. పానకాలు అబద్ధం కన్నా ఆ దాచుకున్న చేతులే ఆమెను ఎక్కువ కోశాయి. ఎవరి కోసం నిలబడిందో వాళ్లే ఆమెను దొంగను చేశారు.

"తూకం ఎక్కించడానికీ సాక్షి ముద్ర కావాలి మేడమ్. ఎవరో ఒకరు..." అన్నాడు ఉదయ్ కుమార్.

"ఇటియ్యండి, నేనేస్తా" అంటూ పానకాలు ముందుకొచ్చి, ఆమె చేతిలోని ట్యాబ్ మీద వేలు పెట్టాడు.