నాలుగో రోజు పొద్దున

కాఫీ గ్లాసు పక్కన మాత్రల అట్ట పెట్టి, "రేపట్నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. గురువారం వ్రతం అయ్యేదాకా ఆపమాక," అన్నాడు భాను. నా మొగుడు. నెలసరి వెనక్కి జరిపే మాత్రలు, డాక్టరుతో పనిలేకుండా తనే మెడికల్ షాపులో కొనుక్కొచ్చాడు. నా నెలసరి తేదీ ఇంటిల్లిపాదికీ తెలుసు. అత్తయ్య వంటింటి కాలెండర్ మీద గ్యాస్ బండ వచ్చిన రోజుకి నీలం సున్నా, నాకు ఎర్ర సున్నా చుడుతుంది. పోయినేడు మరిది గృహప్రవేశానికి ఈ మాత్రలే మింగి వారం రోజులు వాంతులు చేసుకున్నాను. "ఆడోళ్ళందరూ మింగేవేగా, నీకే ఏంది?" అంది అప్పుడు అత్తయ్య.

నరసరావుపేటలో ఇంట్లో కూర్చునే హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాను. రక్తపరీక్షల రిపోర్టులు రోగుల ఫోన్లకు పంపే కంపెనీ. మూడు ఊళ్ళలో ఉన్న కంప్యూటర్లకు పనులు పంచడం నా ఉద్యోగం. ఏ పని అయ్యాక ఏది మొదలవ్వాలి, ఒక మిషను ఆగిపోతే దాని పని ఎవరు అందుకోవాలి, అదంతా నేనే రాయాలి. ఇంట్లోవాళ్ళకి మాత్రం అది "ఊరికే టైపు కొట్టుకోవడం". మార్చిలో పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారుస్తుంటే "ఏమే హిమజా, పాలు!" అని కేక వినపడింది. లేచి వెళ్ళాను. తిరిగొచ్చి, పాత మిషను ఆగిందో లేదో చూసుకోకుండానే కొత్తదాన్ని నడిపించాను. రెండూ ఒకే పని అందుకున్నాయి. రెండు వేల మందికి రిపోర్టులు రెండుసార్లు వెళ్ళాయి. అన్నీ మళ్ళీ పాత పద్ధతికే తిప్పాం. మా మేనేజరు ప్రభాకరరావు గారు కోప్పడలేదు. "ఇంట్లో ఇబ్బందైతే చెప్పమ్మా, వేరేవాళ్ళకిద్దాం," అన్నారు. ఆ మంచితనానికి ఒళ్ళు కంపరమెత్తింది. ఇంకొక్క అవకాశం అడిగాను. "ఏ రోజు?" అన్నారు. మనసులోనే ఎర్ర సున్నా చూసుకుని ఈ గురువారమే, పదకొండింటికి అన్నాను.

ఎందుకంటే మా ఇంట్లో ఆ మూడు రోజులూ నేను వంటింటి గడప తొక్కకూడదు. వరండా పక్కన పురుగుమందు డబ్బాలూ ఎరువు బస్తాలూ ఉండే గదిలో చాప, విడిగా ఒక కంచం, ఒక గ్లాసు. అత్తయ్య అన్నం పైనుంచి జారవిడుస్తుంది, చెయ్యి తగలకుండా. నన్నెవరూ పిలవరు, నాకెవరూ పని చెప్పరు. రెండేళ్ళుగా నా ముఖ్యమైన పనులన్నీ ఆ మందు కంపులోనే చేశాను. మైల పడితే తప్ప నా పని నేను చేసుకునే వీల్లేదు. ఆ మైల కోసం నెలంతా ఎదురుచూస్తున్నందుకు నా మీద నాకే రోత పుట్టేది.

మూడు రోజులు మాత్ర నాలుక కింద పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశాను. గురువారం తెల్లవారుతూనే దూరమయ్యాను.

"పాతిక మంది వస్తుంటే ఇదేం పాపమే! మాత్రలు ఏసుకోలా?" అత్తయ్య నెత్తి కొట్టుకుంది. భాను నన్ను కాదు, ఆమెనే చూస్తూ, "ఒక్క పని చెప్తే అదీ చాతకాదు," అన్నాడు. తర్వాత ఎవరికో ఫోన్ చేశాడు. పది దాటాక వంటవాళ్ళు గుండిగలతో దిగారు. వ్రతం ఆగలేదు. పులిహోర కూడా బాగానే కుదిరిందట.

నేను తలుపేసుకున్నాను. ఒక్కో పాత మిషనూ పూర్తిగా ఆగిందని రెండేసిసార్లు చూసుకుని కొత్తదాన్ని వదిలాను. మూడున్నరకి చివరి పని కూడా సరైన చోట మొదలైంది. ఒక్క రిపోర్టూ రెండోసారి వెళ్ళలేదు. "సోమవారం నుంచి ఇదంతా మీ చేతిలోనే," అన్నారు ప్రభాకరరావు గారు ఫోన్లో. కళ్ళు తుడుచుకుంటుంటే కిటికీలోంచి కంచంలో పులిహోర జారిపడింది.

వ్రతం పనితో అత్తయ్యకి నడుం పట్టేసింది. శుక్ర, శనివారాలు భాను వండాడు. పప్పులో ఉప్పు ఎక్కువైంది గానీ తినొచ్చు. ఏడేళ్ళ కాపురంలో అతనికి వంట వచ్చని నాకెవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దునే వసారాలోంచి అత్తయ్య పిలిచింది. "ఏమే, నాలుగో రోజు. తలంటుకొని లోపలికి రా. అంట్లన్నీ అట్టనే పడున్నయ్."

తలంటుకున్నాను. తడి జుట్టుతోనే వంటింట్లోకి నడిచి, మేకుకున్న కాలెండర్ తీసి చంకన పెట్టుకుని మళ్ళీ ఆ గది గుమ్మం దగ్గరికి వచ్చాను.

"అదెక్కడికే? పొయ్యి ఎవరు ముట్టిస్తారు?"

"రెండు రోజులూ ముట్టించినాయనే ముట్టిస్తాడు అత్తయ్యా. ఈ మందు డబ్బాలు కూడా ఆయన్నే తీసేయమనండి. రేపట్నుంచి ఇది నా ఆఫీసు, ఈ నెల నాకు నాలుగో రోజు లేదు."