ఖాళీ అని రాసిన పదకొండేళ్లు

గోడకు గోడ ఆనుకున్న పద్నాలుగు పాత ఇళ్ల వరసలో ఏడో ఇంటిని నగర కార్యాలయం వాళ్లు మ్యూజియం చేశారు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన ఆవిడ పుట్టింది ఆ ఇంట్లోనే. తెరిచిన వారానికే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లింది.

గుమ్మం దాటగానే, అక్కడ ఎవరెవరు ఎన్నాళ్లు కాపురమున్నారో రాసిన బోర్డు. గడియారాలు బాగుచేసే ఆయన, ఆరేళ్లు. రైల్వే గుమాస్తా కుటుంబం, పంతొమ్మిదేళ్లు. ఆ కింద, "పదకొండేళ్లు ఇల్లు ఖాళీ."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. సరిగ్గా ఆ పదకొండేళ్లే వాళ్లమ్మ అక్కడ అద్దెకుంది. మంత్రసాని. చుట్టుపక్కల ఎవరికి నొప్పులొచ్చినా ముందు గదిలో మంచం సిద్ధంగా ఉండేది. అక్కాతమ్ముళ్లిద్దరూ మెట్ల కింద చాపేసుకుని, ఆ కేకలు వింటూనే ఎక్కాలు వల్లె వేసేవాళ్లు.

"పోనీలే అక్కా, బోర్డేగా," అన్నాడు తమ్ముడు.

"నీకు పోనీ. మనిద్దరం ఏమైనా గాల్లోంచి ఊడిపడ్డామా?"

లోపల కూర్చున్న అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "అప్పటి ఇంటి యజమాని ఖాళీ అని రాసిచ్చాడండీ. రికార్డు అలాగే ఉంది. ప్రభుత్వ కాగితం ఏదైనా ఉంటే తెండి, చూద్దాం."

ఇంటాయన అలా ఎందుకు రాశాడో ఆవిడకి తెలియనిది కాదు. పన్ను ఎగ్గొట్టడానికి. ఎవరైనా తనిఖీకి వస్తే పిల్లల్ని తీసుకుని పెరటి దారిన వెళ్లిపొమ్మని అమ్మకు ముందే చెప్పి ఉంచేవాడు. అమ్మ బతికుండగా ఆయన దాచిపెట్టాడు, పోయాక వీళ్లు తుడిచిపెట్టారు. ఆ మాట తలుచుకుంటే ఆవిడకి అన్నం సయించలేదు.

మూడు వారాలు కాళ్లరిగేలా తిరిగింది. రొట్టెల దుకాణం ఆయన, బడి పంతులమ్మ, కవల అక్కచెల్లెళ్లు, ఇలా ఒకరు ఇంకొకరి ఆచూకీ చెప్పారు. ఆదివారం పొద్దున్న మ్యూజియం తలుపు తీసేసరికి ఇరవై ముగ్గురు వరసలో నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ జనన ధ్రువపత్రాలు. పుట్టిన చోటు అన్న దగ్గర అన్నిట్లోనూ ఒకటే: ఏడో నంబరు ఇల్లు.

"ఏంటమ్మా ఇదంతా?" అన్నాడు అధికారి కంగారుగా.

"ఖాళీ ఇంట్లో పుట్టిన వాళ్లం బాబూ," అంది కవలల్లో పెద్దావిడ.

కండక్టరమ్మ కాగితాల దొంతర బల్లమీద పెట్టింది. "ప్రభుత్వ కాగితం అడిగారుగా. జననాల రిజిస్టరు మీ నగర కార్యాలయం కిందంతస్తులోనే ఉంది. మెట్లు దిగి చూడ్డానికి తీరిక లేకపోయిందా?"

పది రోజుల్లో ఆయన కొత్త బోర్డు నమూనా చూపించాడు. "స్థానికులు చెప్పుకునే ప్రకారం, ఒక మంత్రసాని."

"చెప్పుకునేదేంటి? మేం పుకారా? కొట్టెయ్యండి. మా అమ్మ పేరు రాయండి, ఇంటిపేరుతో సహా."

కొట్టేశాడు. పేరు రాశాడు. బోర్డు బిగించిన రోజు, పోనీలే అన్న తమ్ముడు దాన్ని పైకే చదివాడు, అమ్మ పేరు మాత్రం రెండుసార్లు.

"పొరపాటైందమ్మా, మన్నించండి," అన్నాడు అధికారి.

ఆవిడ కోపం చల్లారలేదు. "పక్కిల్లు కూడా తెరుస్తారటగా. బోర్డు రాసేముందు ఈ వీధిలో వాళ్లనొకసారి అడగండి," అని తమ్ముడి చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి నడిచింది.