మోటారు వినే చెవి

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, విప్పారనూ లేదు. తడిసిన గోనెపట్టాలా ఇళ్ల మీద పడి ఉంది. మబ్బు పట్టిన రోజున పెద్దమెకానిక్ చెవి ఇంకా బిగుసుకుంటుంది.

మోటార్లు బాగుచేసే షెడ్డులో తమ్ముడు తీగ చుడతాడు, అన్న పెద్దమెకానిక్ వింటాడు. తిరిగే మోటారు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగ్ అరిగిందో చెప్పేస్తాడు. రెండేళ్ల కిందట ఎడమచెవి హోరెత్తి, తల గిర్రున తిప్పి తిప్పి, చివరికి మందగించింది. అప్పట్నుంచీ కుడిచెవితోనే నెట్టుకొస్తున్నాడు. కిందటి నెల నీళ్ల మోటారొకటి గరగరమంటోందని బేరింగ్ పీకించాడు. అది అద్దంలా ఉంది. గరగర మోటారులోది కాదు.

తమ్ముడు ఆ బేరింగు తుడిచి, మళ్లీ ఎక్కించాడు. తిట్టినా బాగుండేది.

అందుకే ఈ పరీక్ష. ఆసుపత్రిలో పరీక్ష చేసే అమ్మాయి అతన్ని పడుకోబెట్టి, నుదుటి మీద ఒక తీగ అతికించి, ఇంకో సన్నటి తీగ కుడిచెవిలోకి కర్ణభేరి దాకా దించింది.

"కదలకండి పెదనాన్నా. టక్‌టక్‌మని చప్పుడొస్తుంది. దానికి మీ లోపలి చెవిలో పుట్టే కరెంటు కొలుస్తాం."

"చెవిలో కరెంటా? ముప్పయ్యేళ్లుగా బయట వెతుక్కుంటున్నానే తల్లీ!"

"షాక్ కొడితే చెప్పన్నా, ఫ్యూజు పీకేస్తా," అన్నాడు తమ్ముడు కుర్చీలోంచి.

తెర మీద గీత పాకింది. ముందొక చిన్న మిట్ట, దాన్నంటుకుని పెద్ద మిట్ట. డాక్టరమ్మ వచ్చి చూసి, తెర మీద వేలు పెట్టింది.

"ఈ చిన్న మిట్ట పెద్దదాంట్లో సగానికి బాగా తక్కువుండాలి. మీకు సగం దాటింది. ఈ ఒక్క పరీక్షతో తేల్చలేం. కానీ వినికిడి పరీక్ష, మీరు చెప్పే హోరు, అన్నీ కలిపి చూస్తే ఈ చెవిలోనూ నీరు పెరుగుతున్నట్టే ఉంది."

"వినికిడి పోతుందా?"

"తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మందులు వాడదాం. ఉప్పు బాగా తగ్గించండి. చెవిని నమ్ముకునే పని మాత్రం వద్దు."

దారిలో తమ్ముడు వదినకు ఫోన్ చేసి డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాడు. అన్న తిన్నగా షెడ్డుకు నడిచి, బల్ల మీది మోటారుకు స్విచ్చి వేశాడు. అలవాటుగా స్క్రూడ్రైవర్ తీశాడు. మొన ఆనించి, పిడి తమ్ముడి చెవి దగ్గర పెట్టాడు.

"విను."

"నాకేం తెలుస్తుందన్నా?"

"ఏం వినబడుతోందో అది చెప్పు."

"... వాన పడుతున్నట్టుంది."

"అయితే బాగున్నట్టు. ఇసుక నమిలినట్టుంటే, అప్పుడు పీకు."

తమ్ముడు స్క్రూడ్రైవర్ పట్టుకునే ఉన్నాడు. మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం ముగ్గురూ కూర్చున్నారు. మొదటి ముద్దకే తమ్ముడి నోరు ఆగింది. కూరలో ఉప్పు లేదు. ఒక గిన్నెలోనే కాదు, దేంట్లోనూ లేదు. వదిన తల దించుకుని తినేస్తోంది. ఉప్పు డబ్బా ఎదురుగా అలమర మీదే ఉంది. ఎవరూ లేవలేదు. పెద్దమెకానిక్ ఇద్దరి పళ్లేల వంకా చూసి, తన చెవిలోని హోరును వింటూ, నెమ్మదిగా ఇంకో ముద్ద కలుపుకున్నాడు.